పుట్టగానే పేగు అడ్డంకి, ఆపరేషన్: తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్నలు

పిల్లల సర్జరీ వార్డు బయట బెంచీల మీద కూర్చున్న నాన్నలు, అమ్మమ్మలు, మేనమామలు అడిగేవి ఎప్పుడూ దాదాపు ఇవే. చెప్పేవాళ్లకి తీరిక ఉండదు, వినేవాళ్లకి ఆ టెన్షన్‌లో సగం బుర్రకెక్కదు, పొద్దున చెప్పింది సాయంత్రానికి మళ్లీ అడుగుతారు. అందుకే రాసిపెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి. ఇది వైద్యానికి బదులు కాదు, మీ బిడ్డ సంగతి మీ బిడ్డని చూసిన డాక్టరే చెప్పాలి.

## కడుపులో ఉండగానే తెలిస్తే

స్కాన్‌లో "డబుల్ బబుల్" కనిపించింది అన్నారు. అంటే ఏంటి?

బిడ్డ పొట్టలో పక్కపక్కనే రెండు నీటి బుడగలు కనిపించాయని. ఒకటి జీర్ణాశయం, రెండోది చిన్నపేగు మొదటి భాగం, అంటే డుయోడినం. ఆ తర్వాత దారి మూసుకుపోతే బిడ్డ మింగిన ఉమ్మనీరు ముందుకు పోక అక్కడే నిలిచిపోతుంది. తల్లికి ఉమ్మనీరు ఎక్కువైందని రిపోర్టులో రాయడం కూడా చాలాసార్లు ఇందుకే. దీన్ని డుయోడినల్ ఎట్రీషియా అంటారు. ఈ లోపం ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో సుమారు ముగ్గురికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, గుండె లోపాలు కూడా మామూలు కంటే ఎక్కువ. కాబట్టి జన్యు పరీక్ష, బిడ్డ గుండె స్కాన్ చేయించమంటారు. పేగుని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు, అసలు తెలుసుకోవాల్సింది పేగుతో పాటు ఇంకేముందనేది.

ఐదో నెల టిఫా స్కాన్ నార్మల్ అన్నారు కదా, అప్పుడెందుకు పట్టుకోలేకపోయారు?

అప్పటికి కనిపించకపోవడం మామూలే. బిడ్డ ఉమ్మనీరు బాగా మింగడం మొదలుపెట్టి, అది వెనక్కి నిండి, పేగు ఉబ్బితేనే స్కాన్‌లో తెలుస్తుంది. చాలామందిలో ఇది ఏడో నెల తర్వాతే. మలద్వారం లేకపోవడం, పేగులో నరాల కణాలు లేకపోవడం (హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు) లాంటివి పుట్టేదాకా స్కాన్‌కి సాధారణంగా దొరకవు. స్కాన్ చేసిన డాక్టర్ మీద కోపం పెట్టుకోకండి.

నార్మల్ డెలివరీ చేయొచ్చా, సిజేరియన్ తప్పదా?

పేగు అడ్డంకి ఒక్కటే అయితే దానికోసం సిజేరియన్ అక్కర్లేదు. ఎలా పుట్టాలి అన్నదానికంటే ఎక్కడ పుట్టాలి అన్నది ముఖ్యం. పిల్లల సర్జన్, నవజాత శిశువుల ఐసీయూ రెండూ ఒకే చోట ఉన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోండి. ఉమ్మనీరు ఎక్కువగా ఉన్నవాళ్లకి నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు కాబట్టి తొమ్మిదో నెల దాకా ఆగి వెళ్దాంలే అనుకోవద్దు. పుట్టింటికి పురిటికి వెళ్లడం ఆచారమే, కానీ ఆ పుట్టింటి ఊళ్లో పిల్లల సర్జన్ లేకపోతే ఈ ఒక్క కాన్పుకీ ఆచారం పక్కన పెట్టండి.

గ్రహణం రోజు బయట తిరిగానని మా అత్తగారు నన్నే అంటున్నారు. నిజమా?

కాదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. బొప్పాయి తినడం, బరువులెత్తడం, స్కూటీ మీద తిరగడం ఇవేవీ కారణం కావు.

డుయోడినం సాధారణంగా మొదటి మూడు నెలల్లోనే, తాత్కాలికంగా పూడుకున్న దారి మళ్లీ తెరుచుకోకపోవడం వల్ల మూసుకుపోతుంది. దానికి కింది చిన్నపేగు మూసుకుపోవడానికి కారణం వేరు. గర్భంలో ఉండగా పేగులో ఏదో ఒక ముక్కకి రక్తం అందక ఆ ముక్క ఎండిపోతుంది. ఇది ఊహ కాదు. 1955లో కేప్‌టౌన్ సర్జన్లు లౌ, బర్నార్డ్ దీన్ని ప్రయోగం చేసి చూపించారు. కుక్క గర్భంలో ఉన్న పిల్లల పేగు రక్తనాళాన్ని కడితే అవి మూసుకుపోయిన పేగుతో పుట్టాయి. ఈ బర్నార్డే 1967లో ప్రపంచంలో మొదటిసారి మనిషికి మరో మనిషి గుండె అమర్చిన సర్జన్. అంటే తల్లి చేసిన పని, చేయని పని ఏదీ ఇందులో లేదు. ఈ పేరా మీ అత్తగారికి చదివి వినిపించండి.

మాది మేనరికం. దానివల్లేనా?

చాలావరకు కాదు. పేగు మూసుకుపోవడం ఎక్కువ కుటుంబాల్లో విడిగా, ఒక్కసారి జరిగే సంగతి. అయితే పేగు చాలాచోట్ల మూసుకుపోయి ఉండే ఒక అరుదైన రకం, మెకోనియం (బిడ్డ మొదటి నల్లటి మోషన్) గట్టిపడి పేగుకి అడ్డంపడే సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటివి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యులోపం కలిస్తే వస్తాయి. దగ్గరి సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. మీ బిడ్డది ఏ రకమో తెలిశాక జెనెటిక్ కౌన్సెలింగ్ అవసరమో లేదో అడగండి. ఐసీయూ బయట మేనరికం మీద పంచాయితీ పెట్టుకోవడం వల్ల మాత్రం బిడ్డకి ఒరిగేదేమీ లేదు.

## పుట్టాక మొదటి రెండు మూడు రోజులు

బిడ్డ ఆకుపచ్చగా వాంతి చేసుకుంది. పాలు అరగలేదేమో, పొద్దున్నే చూపిద్దామా?

పొద్దున దాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి.

తెల్లగా పాలు కక్కడం వేరు, పసరు వాంతి వేరు. అప్పుడే పుట్టిన బిడ్డ పాలకూర రసం రంగులో వాంతి చేసుకుంటే అది పేగు అడ్డంకే అనుకుని, కాదని తేలేదాకా అలాగే చూడాలి. డాక్టర్లు కూడా అలాగే చూస్తారు. అన్నిటికంటే భయం మాల్‌రొటేషన్ ఉన్న బిడ్డ గురించి. ఆ బిడ్డ పేగులు కడుపులో ఉండగా తిరగాల్సిన తీరుగా తిరగవు, వెడల్పుగా అతుక్కోవాల్సింది సన్నటి కాడకి వేలాడుతుంటాయి. ఎప్పుడైనా ఆ కాడ చుట్టూ మెలిపడతాయి. మెలిపడితే మొత్తం చిన్నపేగుకి వెళ్లే రక్తం ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే పేగు నల్లబడిపోతుంది. మొదట్లో పొట్ట మెత్తగానే ఉంటుంది, బిడ్డ బాగానే కనిపిస్తుంది. అదే మోసం. పొట్ట ఉబ్బి, మోషన్‌లో రక్తం పడి, బిడ్డ నీలిరంగుకి తిరిగేసరికి చాలా ఆలస్యమైపోతుంది. వాంతి పడిన గుడ్డ పారేయకుండా కవర్లో పెట్టి తీసుకెళ్లండి. లైటు వెలుగులో పసుపో ఆకుపచ్చో తేల్చుకోలేక వాదించుకునే కంటే డాక్టర్‌కి ఆ గుడ్డ చూపించడం మేలు.

ఒక రోజు దాటింది, నల్ల మోషన్ కాలేదు. ఎన్నాళ్లు చూడాలి?

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ మొదటి 24 గంటల్లో, ఆలస్యమైనా 48 గంటల్లోపు నల్లటి జిగురు మోషన్ అవుతుంది. 24 గంటలు దాటితే డాక్టర్‌కి చెప్పండి. 48 దాటితే, లేదా ఆలోపే పొట్ట ఉబ్బినా, పాలు తాగకపోయినా ఆసుపత్రిలోనే ఉండాలి. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు బయటపడేది ఎక్కువగా ఇలాగే. పేగు చివరి భాగంలో నరాల కణాలు ఉండవు, ఆ భాగం బిగుసుకుపోయి ఉంటుంది, పైనుంచి వచ్చేది ముందుకు పోదు. సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ.

మోషన్ ఒకసారి అయింది కదా, మరి అడ్డం ఉందంటారేంటి?

ఉండొచ్చు. మూసుకున్న చోటుకి కింద ముందే తయారైన మెకోనియం బయటికి రావడానికి అడ్డేమీ లేదు. పసరు వాంతి అవుతున్న బిడ్డకి మోషన్ అయిందని ఊరట పడకండి.

తమలపాకు తొడిమ పెడితే మోషన్ అయింది, ఆముదం కూడా పట్టమంటున్నారు. చేయొచ్చా?

వద్దు. ఆముదం, వాము నీళ్లు, చక్కెర నీళ్లు, తేనె, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. దారి మూసుకుపోయిన పేగులోకి ఏది పోసినా వెనక్కే వస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. తొడిమ సంగతి మరీ చిక్కు. హిర్ష్‌స్ప్రంగ్ ఉన్న బిడ్డకి తొడిమ పెట్టినా, వేలు పెట్టినా గ్యాసు, మోషన్ ఒక్కసారిగా తన్నుకొస్తాయి, పొట్ట దిగిపోతుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. రెండు రోజులకి మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ తొడిమ. ఇలా వారాలు నెట్టుకొచ్చి, పేగుకి ఇన్ఫెక్షన్ సోకి, జ్వరంతో వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. "పెడితేనే అవుతుంది, లేకపోతే అవ్వదు" అన్నమాట మీ నోట వస్తే చాలు, బిడ్డని పిల్లల సర్జన్‌కి చూపించాల్సిందే.

మలద్వారం లేదని నర్సమ్మ చెప్పింది. బిడ్డ దక్కుతుందా?

దక్కుతుంది. పుట్టిన వెంటనే ఒళ్లు తుడిచేటప్పుడే చూస్తే తెలిసిపోయే లోపం ఇది, చూడకపోతే పొట్ట ఉబ్బేదాకా తెలియదు. కొందరికి మలం మూత్రంలో కలిసి వస్తుంది, ఆడపిల్లల్లో యోని దగ్గర చిన్న రంధ్రంలోంచి రావచ్చు. "వస్తోంది కదా" అని వదిలేయకూడదు. పేగు ఎంత దిగువదాకా వచ్చిందో తేల్చడానికి ఒక రోజు దాకా ఆగి, బిడ్డని బోర్లా పడుకోబెట్టి పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు, ఈలోగా గాలి కిందిదాకా దిగుతుంది. కొద్దిపాటి దూరమే అయితే అక్కడికక్కడే దారి చేస్తారు. ఎక్కువ దూరమైతే మూడు దశల్లో చేస్తారు. ముందు పొట్ట మీద దారి, కొన్ని నెలలకి అసలు చోట మలద్వారం, ఆ తర్వాత పొట్ట మీది దారి మూయడం. రెండో దశలో వెనకనుంచి కండరాలని సరిగ్గా మధ్యకి చీల్చి చేసే పద్ధతిని పేన్యా అనే సర్జన్ 1980ల మొదట్లో తెచ్చారు, ఇప్పటికీ ఎక్కువ చోట్ల అదే.

వేరే ఊరి పెద్దాసుపత్రికి పంపుతున్నారు. దారిలో ఏం చూసుకోవాలి?

మొదటిది వెచ్చదనం. తలకి టోపీ, కాళ్లకి సాక్సులు, బిడ్డ ఒళ్లు మీ ఛాతీకి ఆనించి పైన దుప్పటి. వేడినీళ్ల సీసాలు బిడ్డ పక్కన పెట్టకండి, చర్మం కాలుతుంది. రెండోది, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయించుకుని మరీ బయల్దేరండి, దాని చివర మూత పెట్టకుండా వదిలేయాలి, లోపలి పసరు బయటికి వచ్చేస్తే వాంతయి ఊపిరి అడ్డం పడే ప్రమాదం తగ్గుతుంది. పాలు ఇవ్వకండి. సెలైన్ లైన్ ఉంటే అది ఊడకుండా చూడండి. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో కాగితం మీద రాయించుకోండి. తల్లి రాలేని స్థితిలో ఉంటే ఆమె రక్తం శాంపిల్ పేరు రాసిన ట్యూబులో పంపమనండి. బిడ్డకి రక్తం సరిచూడటానికి అది అడుగుతారు, అది లేక రాత్రిపూట మళ్లీ వెనక్కి మనిషిని పంపిన ఇళ్లు చాలా ఉన్నాయి. 108కి ఫోన్ చేసేటప్పుడు నవజాత శిశువు అని చెప్పండి. వెళ్లే ఆసుపత్రిలో పిల్లల సర్జన్ ఉన్నారో, బెడ్ ఉందో పంపే డాక్టర్ చేతే ఫోన్ చేయించండి. హైదరాబాద్ నిలోఫర్, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు చేస్తారు.

## ఆపరేషన్‌కి ముందు

వచ్చి పది గంటలైంది. ఇంకా ఆపరేషన్ చేయరేంటి?

పేగు మెలిపడిందన్న అనుమానం ఉంటే ఆపరు, ఉన్నపళంగా థియేటర్‌కి తీసుకెళ్తారు. మిగతా రకాల్లో ముందు బిడ్డని ఆపరేషన్‌కి తయారు చేయాలి. వాంతుల వల్ల నీళ్లు, ఉప్పు, పొటాషియం తగ్గిపోయి ఉంటాయి, ఒళ్లు చల్లబడి ఉంటుంది, షుగర్ పడిపోయి ఉండొచ్చు, గుండెలో లోపం ఉందేమో ఎకో తీయాలి. ఇవి సరిచేయకుండా మత్తిస్తే ఆపరేషన్ బాగానే జరిగి బిడ్డ మిగలకపోవచ్చు. ముక్కు గొట్టం పెట్టి పొట్ట ఖాళీగా ఉంచాక డుయోడినల్ ఎట్రీషియా లాంటివి ఒకటి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. ఎవరూ మిమ్మల్ని పట్టించుకోవడం లేదు అనిపిస్తే "ఇప్పుడు దేనికోసం ఆగుతున్నాం?" అని సూటిగా అడగండి. జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే.

ఒక్క ఎక్స్‌రేతో అన్నీ తెలిసిపోతాయా?

కొన్ని తెలుస్తాయి. రెండు గాలి బుడగలు కనిపించి, కింద గాలి అసలు లేకపోతే డుయోడినం మూసుకుందని అర్థం. ఉబ్బిన పేగు చుట్టలు చాలా కనిపిస్తే అడ్డం కిందెక్కడో ఉంది. మాల్‌రొటేషన్ అనుమానం ఉంటే ఎక్స్‌రేలో కనిపించే మందు నోటిద్వారా ఇచ్చి, అడ్డం కింద ఉంటే మలద్వారం నుంచి ఆ మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తారు. హిర్ష్‌స్ప్రంగ్ మాత్రం మలద్వారం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఖాయం.

డబ్బు ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

పుట్టుకతో వచ్చే పేగు అడ్డంకులు, మలద్వారం లోపాలు, హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్లు తెలంగాణ ఆరోగ్యశ్రీలోనూ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవలోనూ ఉన్నాయి. బిడ్డకి పేరు పెట్టలేదని, కార్డులో ఎక్కలేదని ఆగిపోకండి, తల్లిదండ్రుల కార్డు, పుట్టిన రికార్డు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి చేరిన రోజే వెళ్లండి. ఆసుపత్రి ఆ పథకంలో ఉందా, ముఖ్యంగా పిల్లల సర్జరీకి ఉందా అని అడగండి, రెండూ ఒకటి కాదు. ప్రైవేటులో అసలు ఖర్చు ఆపరేషన్‌ది కాదు, ఐసీయూ రోజులది. మొత్తం ఎంతని కాకుండా రోజుకి ఎంత, ఎన్ని రోజులు పట్టొచ్చు అని అడిగితే లెక్క తేలుతుంది. అప్పు తెచ్చి ప్రైవేటులో చేరి, పదో రోజు డబ్బులైపోయి ప్రభుత్వ ఆసుపత్రికి మారడం బిడ్డకి అన్నిటికంటే చెడ్డ దారి.

రెండు కిలోల బిడ్డ మత్తు తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, పిల్లలకి మత్తిచ్చే అనుభవం ఉన్న డాక్టర్ ఉంటే. థియేటర్లో ఏసీ తగ్గించేసి లేదా ఆపేసి, బిడ్డ చేతులకి, కాళ్లకి దూది చుట్టి, కింద వెచ్చటి పరుపు వేస్తారు. సర్జన్లు చెమటలు కక్కుతూ కుట్లు వేస్తారు. ఇంత చిన్న ఒంటికి అసలు శత్రువు చలి.

నిజం చెప్పండి, బతుకుతుందా?

ఒంట్లో ఇంకే లోపం లేకుండా, నిండు నెలలతో, వేళకి చేరిన బిడ్డ ఎక్కువగా బతుకుతుంది. మంచి వసతులున్న చోట డుయోడినల్ ఎట్రీషియా పిల్లల్లో నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు. అన్నిచోట్లా అంతే అని చెప్పను. 2021లో లాన్సెట్‌లో వచ్చిన, 74 దేశాల ఆసుపత్రులని చూసిన అధ్యయనంలో ఇలాంటి పుట్టుక లోపాలతో చనిపోయిన పిల్లలు సంపన్న దేశాల్లో నూటికి ఆరుగురికి లోపే, మధ్యాదాయ దేశాల్లో సుమారు 20 మంది, పేద దేశాల్లో దాదాపు 40 మంది. జబ్బులు అవే. తేడా వచ్చేది ఎప్పుడు చేరారు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఎంత, మత్తు డాక్టరు, వెంటిలేటరు, సిరలోంచి ఇచ్చే ఆహారం ఉన్నాయా అన్నదాంట్లో. బరువు తక్కువ, గుండె లోపం, నల్లబడిన పేగు ఉంటే లెక్క మారుతుంది. మీ బిడ్డకి వీటిలో ఏవి ఉన్నాయో అడగండి.

## ఆపరేషన్

లోపల అసలేం చేస్తారు?

జబ్బుని బట్టి. డుయోడినం మూసుకుంటే ఆ మూసిన చోటుని తీసేయరు, పక్కనే పాంక్రియాస్, పైత్యనాళం ఉంటాయి కాబట్టి దాన్ని ముట్టుకోకుండా పై పేగుని, కింది పేగుని పక్కనుంచి కలిపి కుడతారు.

కింది చిన్నపేగు అయితే చూడ్డానికే ఆశ్చర్యంగా ఉంటుంది, పైభాగం మన బొటనవేలికంటే లావుగా ఉబ్బి ఉంటే, ఇంతవరకు ఏమీ ప్రవహించని కింది భాగం పెన్సిల్‌కంటే సన్నగా ఉంటుంది. ఉబ్బిన చివరని కొంత కోసి తీసేస్తారు. అది కదలదు, దాన్ని అలాగే కలిపితే కుట్టు బాగున్నా పాలు ముందుకు పోవు. తర్వాత కింది పేగులోకి సెలైన్ ఎక్కించి చివరిదాకా పోతుందో లేదో చూస్తారు, ఎందుకంటే కొందరికి ఇంకోచోట కూడా మూసుకుని ఉంటుంది. ఆ తర్వాతే ఆ రెండు కొసల్ని వెంట్రుకలాంటి దారంతో కలుపుతారు.

మాల్‌రొటేషన్‌లో మెలిని గడియారం ముల్లు తిరిగే దిశకి ఎదురుగా విప్పి, డుయోడినం మీద అడ్డంగా ఉన్న పట్టీలు కోసి, కాడని వెడల్పు చేసి, చిన్నపేగుని కుడివైపు, పెద్దపేగుని ఎడమవైపు సర్దుతారు. అపెండిక్స్ కూడా తీసేస్తారు, అది ఇక ఎడమవైపు ఉంటుంది కాబట్టి తర్వాతెప్పుడైనా వాచినా ఎవరూ కనిపెట్టలేరు. 1936లో బోస్టన్ సర్జన్ విలియం లాడ్ రాసిన పద్ధతి ఇది, దాని పేరు కూడా లాడ్ ఆపరేషనే. హిర్ష్‌స్ప్రంగ్‌లో నరాల కణాలు లేని భాగాన్ని తీసేసి, బాగున్న పేగుని మలద్వారం దాకా దించి కుడతారు. చాలామంది పిల్లల్లో పొట్ట పెద్దగా కోయకుండా కిందినుంచే చేస్తున్నారు.

ఇంత పేగు కోసేశారు, మిగిలింది సరిపోతుందా?

నెలలు నిండిన బిడ్డకి చిన్నపేగు సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది, బిడ్డతో పాటు అదీ పెరుగుతుంది. కొన్ని సెంటీమీటర్లు తీసినా ఏ తేడా తెలియదు. మెలిపడి చాలాభాగం నల్లబడినప్పుడే చిక్కు. అప్పుడు నెలల తరబడి సిరలోంచే ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. ఎంత తీశారని కాకుండా ఎంత మిగిలింది, చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట ఉండే కవాటం ఉందా లేదా అని అడగండి.

పొట్ట మీద పేగుని బయటపెట్టారు. జీవితాంతం ఇంతేనా?

కాదు. ఇలా పొట్ట మీద పెట్టిన దారిని స్టోమా అంటారు, ఈ పిల్లల్లో అది దాదాపు ఎప్పుడూ తాత్కాలికమే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, పేగు పరిస్థితి బాగోనప్పుడు లోపల కుట్టేస్తే ఆ కుట్టు విడిపోవచ్చు, అందుకని కొన్నాళ్లు బయటికి దారి ఇస్తారు. బిడ్డ బరువు పెరిగాక లోపల కలిపేస్తారు.

## ఐసీయూలో

ఆపరేషన్ సక్సెస్ అన్నారు. మరి పాలెందుకు ఇవ్వట్లేదు?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అమ్మమ్మలు గొడవపడేది కూడా దీని గురించే. దారి తెరుచుకుంది కానీ పేగు కదలడం ఇంకా మొదలవ్వలేదు. పై పేగు నెలల తరబడి సాగిపోయి ఉంది, కిందిది ఎప్పుడూ పని చేయలేదు. ముక్కు గొట్టంలోంచి వచ్చే పసరు రోజురోజుకీ తగ్గి, రంగు తేలికై, బిడ్డకి మోషన్ అయితే అప్పుడు మొదలుపెడతారు, అదీ మిల్లీలీటర్, రెండు మిల్లీలీటర్లతో. ఒకరోజు పెంచుతారు, పొట్ట ఉబ్బితే మర్నాడు తగ్గిస్తారు. డుయోడినం పిల్లలకి పూర్తి పాలకి చేరడానికి రెండు మూడు వారాలు పట్టినా మామూలే. గొట్టానికి కట్టిన సంచిలో పసరు ఎంత ఉందో, ఏ రంగులో ఉందో రోజూ సిస్టర్‌ని అడిగి రాసుకోండి, డాక్టర్ ఏమీ చెప్పని రోజున కూడా అది చూస్తే మీకే అర్థమవుతుంది.

అన్నాళ్లు పాలు లేకుండా ఎలా బతుకుతుంది?

సిరలోంచి చక్కెర, ప్రొటీన్, కొవ్వు, లవణాలు కలిపిన ఆహారం ఇస్తారు, టీపీఎన్ అంటారు. మామూలు సెలైన్ వేరు, ఇది వేరు. ఇది ఎక్కించే లైన్‌కి ఇన్ఫెక్షన్ రావడం పెద్ద భయం, అందుకే చేతులు కడుక్కోమని ప్రతిసారీ అరుస్తారు. చాలా వారాలు సాగితే కాలేయం మీద ప్రభావం పడి కళ్లు పచ్చబడవచ్చు.

ఈలోగా నా పాలు ఎండిపోతాయేమో?

పిండకపోతే ఎండిపోతాయి. కాన్పైన రోజు నుంచే రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా పిండండి. మొదట చుక్కలే వస్తాయి, అవే ముర్రుపాలు, పారబోయకండి. డాక్టర్ ఒప్పుకుంటే ఆ చుక్కలు బిడ్డ బుగ్గల లోపల రాస్తారు. కోసిన పేగుకి తల్లిపాలకంటే తేలిగ్గా పడేది లేదు. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నం, గుక్కెడు నీళ్లతో సరిపెట్టకండి, తల్లికి కడుపునిండా తిండి, నీళ్లు, నిద్ర కావాలి.

నాలుగో రోజు మళ్లీ పొట్ట ఉబ్బింది, జ్వరం వచ్చింది. ఏమై ఉంటుంది?

కుట్టు లీకవడం, రక్తంలో ఇన్ఫెక్షన్, లేదా పేగు ఇంకా కదలకపోవడం. లీకైతే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అంటే మొదటిసారి తప్పు చేశారని కాదు, ఇంత చిన్న పేగుకి వేసిన కుట్టు ఒక్కోసారి అంటుకోదు.

## ఇంటికి వచ్చాక

స్టోమా ఎలా చూసుకోవాలి? బ్యాగులు చాలా ఖరీదు.

ఎర్రగా, తడిగా ఉంటే బాగున్నట్టు. ముట్టుకుంటే నొప్పి ఉండదు, తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపించినా కంగారు లేదు. నల్లగా, ఊదారంగుగా మారినా, పేగు బాగా బయటికి జారినా, ఒక పూటంతా ఏమీ రాకుండా పొట్ట ఉబ్బినా వెంటనే వెళ్లండి. చంటిపిల్లల సైజు బ్యాగులు అన్ని ఊళ్లలో దొరకవు. దొరకనప్పుడు చుట్టూ చర్మానికి జింక్ ఆక్సైడ్ పేస్టు మందంగా రాసి, మెత్తటి పాత నూలుబట్ట మడిచి కట్టి, తడిసినప్పుడల్లా మారిస్తే చాలు, పెద్దపేగు స్టోమాలకి ఇది బాగానే సరిపోతుంది. చిన్నపేగు స్టోమా అయితే నీళ్లలా కారి చర్మం పుండు పడుతుంది, దానికి బ్యాగు ఉండాల్సిందే. అలాంటి బిడ్డ ఒంట్లోంచి ఉప్పు కూడా పోతుంది, పాలు తాగుతున్నా బరువు పెరగకపోతే డాక్టర్‌కి చెప్పండి. మొలతాడు స్టోమాకి రాసుకోకుండా చూడండి, మూసేదాకా కట్టకపోయినా మునిగిపోయేదేమీ లేదు.

మలద్వారంలో రోజూ రాడ్ పెట్టమన్నారు. బిడ్డ ఏడుస్తుంటే చేతులు రావట్లేదు.

కొత్తగా చేసిన దారి ముడుచుకుపోవడం శరీర స్వభావం, పెట్టకపోతే మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ అవుతుంది. జెల్లీ బాగా రాసి, రెండు కాళ్లూ పైకెత్తి, చెప్పిన సైజు, చెప్పినన్నిసార్లు. ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి, ఒక్క అమ్మ మీదే వేయకండి. రెండు వారాలకి బిడ్డ అలవాటు పడుతుంది, పెద్దవాళ్లకే ఎక్కువ సమయం పడుతుంది.

హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ అయిపోయింది. ఇక భయం లేదా?

ఒకటుంది. పొట్ట ఉబ్బడం, జ్వరం, దుర్వాసనతో చిమ్మినట్టు వచ్చే నీళ్ల విరేచనాలు, బిడ్డ మందకొడిగా ఉండటం. ఇది పేగు ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాత కూడా వస్తుంది, గంటల్లో ముదురుతుంది. మామూలు విరేచనాలే అనుకుని ఓఆర్ఎస్ పట్టి ఇంట్లో ఉంచకండి. లోకల్ డాక్టర్‌కి "ఈ బిడ్డకి హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ అయింది" అన్నమాట మొదటే చెప్పండి.

నూనె మర్దన, సాంబ్రాణి, బారసాల అన్నీ మామూలుగా చేయొచ్చా?

బారసాల చేసుకోండి, బిడ్డని పదిమంది చేతులు మారకుండా చూస్తే చాలు. గాయం మానేదాకా పొట్ట మీద మర్దన వద్దు. సాంబ్రాణి పొగ ఏ పసిబిడ్డకీ మంచిది కాదు, వెంటిలేటర్ మీదనుంచి వచ్చిన బిడ్డకి అసలే వద్దు.

టీకాలు ఎప్పుడు వేయించాలి?

పుట్టగానే వేయాల్సిన బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి ఐసీయూ హడావిడిలో తప్పిపోతుంటాయి. డిశ్చార్జ్ రోజు కార్డు చూసి అడగండి. మిగతావి వయసు ప్రకారం మామూలుగానే. రోటావైరస్ చుక్కలకి మాత్రం ముందు సర్జన్‌ని అడగండి.

మళ్లీ గర్భం వస్తే ఆ బిడ్డకీ వస్తుందా?

ఎక్కువ రకాల్లో ఆ అవకాశం చాలా తక్కువ. హిర్ష్‌స్ప్రంగ్‌లో తోబుట్టువులకి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే, పెద్దపేగు ఎక్కువ భాగం దెబ్బతిన్న రకంలో ఇంకా ఎక్కువ. కొత్త గర్భం మొదట్లోనే డాక్టర్‌కి పాత కాగితాలు చూపించండి.

పెద్దయ్యాక ఏమైనా ఇబ్బందులు ఉంటాయా? ఆ కాగితాలు ఎన్నాళ్లు దాచాలి?

ఎక్కువమంది పిల్లలు అందరిలాగే తింటారు, ఆడుకుంటారు. మలద్వారం, హిర్ష్‌స్ప్రంగ్ పిల్లల్లో కొందరికి మలబద్ధకం, బట్టల్లో మరకలు స్కూలు వయసు దాకా సాగుతాయి, తిట్టి మాన్పించేవి కావు, వాటికి వేరే చికిత్స ఉంది. చిన్నపేగు చివరి భాగం తీసేసిన వాళ్లకి కొన్నేళ్లకి విటమిన్ బి12 తగ్గొచ్చు, పరీక్ష చేయిస్తుండాలి. పొట్ట ఒకసారి తెరిచిన ఎవరికైనా లోపల పేగులు అతుక్కుని ఎప్పుడైనా అడ్డం పడొచ్చు, పదేళ్ల పిల్లాడైనా పసరు వాంతి, కడుపునొప్పి వస్తే ఆసుపత్రికే. అప్పుడు చూసే డాక్టర్‌కి కావలసింది డిశ్చార్జ్ కార్డు కంటే ఆపరేషన్ నోటు. ఏ పేగు ఎంత తీశారు, ఎంత మిగిలింది, అపెండిక్స్ ఉందా లేదా అన్నీ అందులోనే ఉంటాయి. అది అడిగితేనే ఇస్తారు, కాబట్టి డిశ్చార్జ్ రోజే అడిగి కాపీ తీసుకోండి, ఫోటో తీసి మీ ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, బిడ్డకి సొంత ఫోన్ వచ్చిన రోజున అందులోకీ పంపండి.